సాంబ్రాజ్యమ్మ దిష్టి పరీక్ష

గుంటూరు మిర్చి యార్డులో హమాలీలూ, కమీషన్ వ్యాపారులూ, టీ కొట్టువాడూ అందరూ కలిసి ఒకేసారి తుమ్మారంటే, దానికి కారణం అక్కడి సరుకు కాదు. పర్చూరు దగ్గర మా ఊళ్ళో మా నాయనమ్మ సాంబ్రాజ్యమ్మ ఎవరికో దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసిందన్నమాట. ఆమె దిష్టి తీసిన ట్రాక్టరు డీజిల్ లేకుండా పొలం దాకా వెళ్ళి వచ్చింది. ఆమె దిష్టి తీసిన గేదె మగదూడకి పాలివ్వడం మానేసి, బిందె పెట్టిన చోటికి తనే నడిచి వచ్చింది. ఇవన్నీ నేను పుట్టించి ఊరి మీద వదిలిన మాటలు. ఊళ్ళో సగం మంది నమ్మారు. మిగతా సగం మంది నాయనమ్మ నోటికి భయపడి నమ్మినట్టు తలాడించారు.

మనిషి పొట్టి. గొంతు మాత్రం గుడి మైకు. పధ్నాలుగేళ్ళకి కాపురానికి వచ్చిందట. మా తాత యలమందయ్య బతికున్నంత కాలం ఆ ఇంట్లో మాట్లాడే వంతు ఆయనకి రాలేదు. ఆయన పోయాక మాత్రం నాయనమ్మ ఏ పని చేసినా "మీ తాత చెప్పినట్టే చేస్తున్నా" అనేది. ఆయన ఎప్పుడు చెప్పాడో, ఏం చెప్పాడో మాకెవరికీ తెలియదు. మా నాన్న బాబ్జీ కూడా తండ్రి పోలికే. వ్యవసాయం చేసేది నాన్న, చేయించేది నాయనమ్మ.

మిరప కోతలు మొదలైతే ఆమె కాపురం కల్లంలోనే. ఎర్రగా ఆరబోసిన కాయల పక్కన గోనె పట్టా పందిరి వేయించుకుని, కాయలు ఏరే ఆడవాళ్ళ ఎదురుగా కూర్చునేది. ఎండి తెల్లబారి, గింజ కట్టకుండా పాలిపోయిన కాయని మా వైపు తాలు అంటారు. ఏ కూలీ మనిషి చేతిలోంచి తాలుకాయ జారి మంచికాయల్లో పడినా నాయనమ్మకి చప్పుడు వినిపించేది. మంచికాయ గోతాల్లోకి, అక్కణ్ణించి యార్డుకి. తాలుకాయ మా వంటింట్లోకి. పండించిన వాళ్ళే మంచికాయ తింటే అది ఆమె దృష్టిలో విత్తనాల వడ్లు వండుకు తినడంతో సమానం. అందుకే గుంటూరు జిల్లా సరిహద్దులో ఉండి కూడా మా ఇంట్లో పప్పుచారు చప్పగా ఉండేది.

దిష్టి తీయడానికి మాత్రం మినహాయింపు. దానికోసం గుప్పెడు ఘాటైన తేజ రకం కాయలు ఒక రేకు డబ్బాలో విడిగా ఉంచేది. కళ్ళుప్పు, మిరపకాయలు గుప్పిట్లో పట్టి, మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పి, నిప్పుల్లో వేసేది. ఘాటు కమ్మి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. కాయ మాడి బొగ్గైనా ఎవరికీ దగ్గు రాకపోతే, ఘాటునంతా దిష్టి మింగేసినట్టు. ఈ పరీక్షలో ఆమె ఎప్పుడూ తొండి చేయలేదు. నేను పదో తరగతి లెక్కల్లో మూడోసారి తప్పినప్పుడు, పిల్లకి ఎవరి కన్నో తగిలిందని అమ్మ నన్ను తీసుకెళ్ళి ఆమె ముందు నిలబెట్టింది. డబ్బా తీసి, తిప్పి, వేసింది. అమ్మా, నేనూ, అవతల చుట్ట కాల్చుకుంటున్న పక్కింటి ముసలాయనా కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గాం.

"మాధవికి దిష్టి లేదు," అంది నాయనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "బుర్ర లేదు. బడి మానిపించి కల్లంలో కూర్చోబెట్టు."

అలా నా చదువు అయిపోయింది. ఆ మరుసటి ఏడు, అంటే రెండువేల మూడులో, మా అక్క నాగజ్యోతి మొదటి కాన్పుకి వచ్చింది.

అక్కని పిడుగురాళ్ల ఇచ్చాం. బావ లక్ష్మీకాంత్ అక్కడ సున్నపు బట్టీలో సూపర్‌వైజరు. ఏడో నెలలో అక్కని తీసుకొచ్చేటప్పటికి సన్నగా ఉండేది. ఎనిమిది పడగానే కాళ్ళు ఉబ్బాయి, తర్వాత చేతులు, ఆ తర్వాత మొహం. పుట్టింటికి వచ్చేముందు వేయించుకున్న గాజులు మణికట్టు మీద కదలకుండా బిగుసుకుపోయాయి. నాయనమ్మ మాత్రం అక్కని చూసి మురిసిపోయేది. మా ఇంటి తిండి పట్టిందనీ, పుట్టేది మగపిల్లాడేననీ దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పేది.

మా ఊరి బడి వరండాలోకి వారానికోసారి ఖుర్షిదా అనే నర్సమ్మ వచ్చేది. గర్భిణులకి బీపీ చూసేది, మాత్రలిచ్చేది. ఆ వారం అక్క చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి, ఒకసారి చూసి, మళ్ళీ చూసింది. తర్వాత మాతో పాటు ఇంటికే వచ్చేసింది.

"పెద్దమ్మా, జ్యోతికి బీపీ పెరిగింది. ఒంటికి నీరు కూడా బాగా పట్టింది. గుంటూరు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించాలి," అంది.

"మొదటి కాన్పుకి కాళ్ళకి నీరు దిగకపోతే తేనె దిగుద్దా అమ్మా?" అంది నాయనమ్మ. "నేను ఐదుగుర్ని కన్నా. ప్రతిసారీ నా కాళ్ళు రోకళ్ళలాగా ఉండేయి."

"మీకు అప్పుడు బీపీ ఎవరు చూశారు?"

"ఉంటే గదా చూట్టానికి! మా కాలంలో బీపీ లేదు."

"ఉందండీ. మిషన్ లేదు."

నాకు నవ్వొచ్చింది. నాయనమ్మ నా వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఎనిమిదో నెల్లో కడుపుతో ఉన్న పిల్లని ఊరి పొలిమేర దాటించకూడదు. తొమ్మిది రానియ్యి, నేనే తీసుకుపోతా," అంది నాయనమ్మ.

ఖుర్షిదమ్మ అప్పుడు మా నాన్న వైపు తిరిగింది. "బాబ్జీ గారూ, మీరు వినండి. ఇది కడుపులో బిడ్డ వల్ల వచ్చే బీపీ. ఇప్పుడే ఈ మాత్రలు మొదలెట్టండి. కానీ మాత్రలతో సరిపోదు. తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, డొక్కల కింద నొప్పి వచ్చినా ఒక్క గంట ఆగొద్దు. ఫిట్స్ వస్తాయి. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణం మీదకి వస్తుంది."

నాన్న ఆమె చెప్పినదానికీ తలూపాడు, నాయనమ్మ చెప్పినదానికీ తలూపాడు. ఆయన తల అలాగే తయారైంది.

రెండు రోజులు గడిచాయి. పొద్దున్నే అక్క లేవలేక లేచి, తల పగిలిపోతోందని కూర్చుంది. అమ్మ గాభరాపడి గుంటూరు వెళదామంది. నాయనమ్మ అక్క మొహం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిన్న కల్లంలోకి ఎందుకొచ్చావే? కాయలేరే వాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూశారు. ఇది దిష్టి."

"నర్సమ్మ తలనొప్పొస్తే ఆగొద్దంది గదత్తయ్యా," అంది అమ్మ.

"ఆగమని నేనూ అనట్లా. తీసి చూద్దాం. ఘాటొచ్చిందా, బండి కట్టిద్దాం. రాలేదా, దిష్టే. డాక్టరుకి దిష్టి తీయడం వచ్చా?"

రేకు డబ్బాలోంచి గుప్పెడు కాయలు తీసింది. మూడుసార్లు తిప్పింది. నిప్పుల్లో వేసింది. కాయలు చిటపటమన్నాయి, నల్లబడ్డాయి, బూడిదయ్యాయి. ఎవరికీ దగ్గు రాలేదు. అమ్మ పొయ్యి మీదకి వంగి మరీ పీల్చింది. ఏమీ లేదు.

"చూశారా!" అంది నాయనమ్మ. ఆ గొంతులో గెలుపు ఉంది. "ఎంత దిష్టే తల్లీ! ఊరు మొత్తం మింగేసేంత దిష్టి!"

ఆ రోజంతా దిష్టి ఎవరిదో తేల్చే పని పెట్టుకుంది. ఐసు అమ్మేవాడి మీద అనుమానం. పాలకేంద్రం గుమాస్తా మీద అనుమానం. చివరికి ఖుర్షిదమ్మ బీపీ మిషన్ మీద కూడా అనుమానం.

"దాని మొహం మీద గుండ్రంగా కన్నే గదే ఉంది. ముల్లు ఊపుకుంటా ఎట్టా చూస్తదో చూశావా?" అని నన్నే సాక్ష్యం అడిగింది.

"దానికీ దిష్టి తీద్దాం నాయనమ్మా," అన్నాను. నన్ను చీపురుతో తరిమింది.

సాయంత్రం మళ్ళీ తీసింది. ఘాటు లేదు. మర్నాడు పొద్దున మళ్ళీ తీసింది. ఘాటు లేదు. అక్క మాత్రం తలకి తుండు బిగించి కట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం సయించలేదు. అమ్మ మొహంలో రంగు పోయింది. నాన్న వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాడు. అయినా నాయనమ్మని కాదని బండి తెచ్చే ధైర్యం చాలలేదు.

మధ్యాహ్నం నాయనమ్మ డబ్బా పట్టుకుని మళ్ళీ అక్క దగ్గరికి వచ్చింది. అక్క కళ్ళు చిట్లించి చూసింది.

"నాయనమ్మా, నువ్వు రెండుగా కనపడుతున్నావే."

"ఒక్క నాయనమ్మతోనే చస్తున్నాం," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. అక్క కూడా నవ్వలేదు. పక్క తడుముకుంటూ నీళ్ళచెంబు కోసం చెయ్యి చాపింది. చెంబు ఆమె ఎదురుగానే ఉంది. దాని పక్కన ఖాళీ గాలిని పట్టుకుంది.

నాయనమ్మ చెయ్యి డబ్బాలో ఆగిపోయింది. ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. కల్లంలో సరుకు చూసేవాళ్ళు అలాగే చేస్తారు. బాగా ఎండిన మంచికాయలో గింజలు గలగలమంటాయి. ఇందులో చప్పుడు లేదు. ఇంకో కాయ ఆడించింది. దాన్ని విరిచి చూసింది.

"ఏమే, ఈ డబ్బాలో కాయలు ఏడయ్యి?"

అమ్మ బెదిరిపోయింది. "పాతవి అయిపోయినయ్యి అత్తయ్యా. ఈ ఏడు ధర బాగుంది, మంచికాయ ఒక్కటి కూడా ఇంట్లోకి రాకూడదని మీరే అన్నారు గదా. తాలు పోశా."

మా నాయనమ్మ పరుగెత్తడం నేను ఆ రోజే చూశాను. చీర కుచ్చిళ్ళు పైకెత్తి కల్లానికి పోయింది. మినీలారీ డ్రైవరు పీరు యార్డుకి తీసుకెళ్ళడానికి గోతాలు ఎక్కిస్తున్నాడు. కుట్టేసిన గోతం మూతిని పళ్ళతో కొరికి విప్పింది. "నాయనమ్మా, లెక్క తప్పుద్ది!" అని పీరు మొత్తుకుంటున్నా వినకుండా, రెండు దోసిళ్ళ తేజ కాయలు కొంగులో పోసుకుని వచ్చింది. ఒక గుప్పెడు చాలు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. మొత్తం నిప్పుల్లో కుమ్మరించింది.

ఆ తర్వాత ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. ఎందుకంటే నాకు కళ్ళు కనపడలేదు. అమ్మ దగ్గుతోంది. నాన్న దగ్గుతూ దొడ్డి వైపు పరుగెత్తాడు. గేదె తాడు తెంపుకుంది. వీధి అవతల ఎవరో "ఎవుర్రా ఇళ్ళు తగలబెడుతుందీ!" అని దగ్గుతూ తిడుతున్నారు. అక్కని అప్పటికే అమ్మ ఎలాగో పట్టుకుని వెనక వాకిట్లోకి తీసుకుపోయింది. పొగ మధ్యలో నాయనమ్మ నిలబడి, రెండు చేతులూ ఊపుతూ ఏదో చెప్పాలని చూస్తోంది. మాట రావడం లేదు. నీళ్ళు అడుగుతోందని నేను చెంబు అందించాను. చెంబు విసిరికొట్టింది.

"దిష్టి లేదు!" అంది చివరికి, గొంతు చించుకుని. "దిష్టి లేదు! ఒరేయ్ బాబ్జీ, పిల్ల చచ్చిపోద్దిరా! బండి! బండి!"

అప్పటికి మా వైపు అంబులెన్సులు పిలిస్తే వచ్చే రోజులు రాలేదు. ఉన్నది పీరు మినీలారీ. గోతాలు దించే తీరిక లేదు. అక్కని ముందు సీట్లో ఎక్కించారు. పక్కన అమ్మ. నాన్న, నాయనమ్మ, నేను వెనక మిర్చి గోతాల మీద. బండి కదులుతుంటే ఎదురింటి ముసలామె గుమ్మంలోంచి కేకేసింది.

"సాంబ్రాజ్యం! ఎనిమిదో నెల! పొలిమేర దాటిస్తావటే?"

"ఆ రూలు తీసేశా!" అని అరిచింది నాయనమ్మ గోతం మీద నుంచి.

గుంటూరు చేరేదాకా ఆమె మళ్ళీ మాట్లాడలేదు. నాయనమ్మ అంతసేపు నోరు మూసుకుని ఉండటం చూసి నాకు నిజంగా భయం వేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బీపీ చూసింది. నర్సుల్ని పిలిచింది. ఏవో ఇంజెక్షన్లు చెప్పింది. పని చేస్తూనే, "తలనొప్పి ఎప్పట్నించి?" అని అడిగింది.

అమ్మ నాయనమ్మ వైపు చూసి, "పొద్దున్నించేనండీ," అంది.

"అబద్ధం," అంది నాయనమ్మ. "నిన్న పొద్దున్నించి. తీసుకొస్తామంటే నేనే ఆపా. చూపు పోయి పూట కాలేదు. తిడితే తర్వాత తిట్టండి, ముందు పిల్ల సంగతి చూడండి."

డాక్టరమ్మ తల ఎత్తి ఆమెని ఒకసారి చూసింది. తిట్టలేదు. "ఫిట్స్ రాకుండా మందు ఇస్తున్నాం. బీపీ కొంచెం దిగగానే ఆపరేషన్ చేసి బిడ్డని తీసేయాలి. ఈ జబ్బుకి కాన్పే మందు. బిడ్డ నెలలు నిండకుండా పుడుతుంది, చిన్నగా ఉంటుంది. ఇద్దర్నీ దక్కించుకోవడానికే చూస్తాం," అని లోపలికి వెళ్ళిపోయింది.

మేం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నాయనమ్మ నేల మీద కూర్చుంది.

"ఫిట్స్ అంటే కాళ్ళూ చేతులూ కొట్టుకుంటా, కళ్ళు తేలేయటమే గదే?" అని అడిగింది నన్ను.

"అంతే అనుకుంటా."

"మా చెల్లెలు అట్టాగే పోయింది. తొమ్మిదో నెల్లో. దానికీ కాళ్ళు ఉబ్బినయ్యి, తలనొప్పి అంది. గాలి సోకిందన్నారు. వేపమండలతో కొట్టారు." చేతికంటిన మిరప పొడిని కొంగుకి తుడుచుకుంది. "అప్పుడే నేర్చుకున్నా నేను దిష్టి తీయటం. మా ఇంట్లో ఇంకెవరికీ అట్టా జరగకూడదని."

వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. "ఒళ్ళంతా మిరపఘాటు, జరుగు," అంది. నేను జరగలేదు.

కబురందుకుని బావ పిడుగురాళ్ల నుంచి పనిలో ఉన్నవాడు ఉన్నట్టే వచ్చాడు. తల నుంచి చెప్పుల దాకా తెల్లగా సున్నం. గేటు దగ్గర వాచ్‌మన్, "వెల్ల వేసేవాళ్ళు వెనక గేటు నుంచి రావాలి," అన్నాడట. బావ ఏడుస్తూ కోపగించుకోవడంతో చెంపల మీద రెండు చారలు పడ్డాయి. ఆ మొహంతో వరండాలోకి వచ్చేసరికి, అంతసేపు ఏడుస్తున్న అమ్మకి నవ్వొచ్చింది. నవ్వినందుకు మళ్ళీ ఏడ్చింది. సరిగ్గా అప్పుడే నర్సు తలుపు తీసి, ఆడపిల్ల పుట్టిందనీ, అక్కకి ఫిట్స్ రాలేదనీ చెప్పింది.

"మగపిల్లాడన్నావుగా!" అన్నాను నాయనమ్మతో.

"నోరుముయ్యవే! తల్లి ఎట్టా ఉందో అడగనీ!"

తల్లి వెంటనే తేరుకోలేదు. కాన్పు తర్వాత కూడా కొన్నాళ్ళు బీపీ ఎక్కుతూ దిగుతూ ఉంది. చూపు మర్నాటికి తేటపడింది. పిల్ల గాజు పెట్టెలో, నా అరచెయ్యంత మొహంతో, ముక్కులో గొట్టంతో ఉండేది. నాయనమ్మ అద్దానికి మొహం ఆనించి చూసి, "కడిగిన వంకాయంత లేదు, ఎంత కోపమో చూడు," అనేది. కోపం ఆ పిల్లకి ఎక్కడి నుంచి వచ్చిందో మేమెవరం అడగలేదు. అక్క డిశ్చార్జి అయ్యేటప్పుడు డాక్టరమ్మ, మళ్ళీ గర్భం వస్తే మొదటి నెల నుంచే బీపీ చూపించుకోవాలని గట్టిగా చెప్పింది. అక్కకి చెప్పిందది. ఒంటబట్టించుకున్నది మాత్రం నాయనమ్మ.

ఇంటికి రాగానే ఆమె చేసిన మొదటి పని, ఖుర్షిదమ్మ వచ్చే రోజు బడి వరండాలోకి పోయి స్తంభానికి ఆనుకుని కూర్చోవడం. నర్సమ్మ తనని దెప్పుతుందేమోనని ముందే తను మొదలెట్టింది.

"నాకేసి అట్టా చూడమాక తల్లీ. నువ్వు చెప్పావు, నేను వినలా. ఇప్పుడు పిల్లల్ని ఎవుర్ని పిలుచుకురావాలో చెప్పు."

ఆ వారం నుంచి ఊళ్ళో గర్భిణి ఎవరూ తప్పించుకోలేకపోయారు. పుట్టింటికి వచ్చిన పిల్లని బస్సు దిగగానే పట్టుకునేది. "కాళ్ళు చూపించవే. వేలు పెట్టి నొక్కితే గుంట పడుతుందే! నడు బడికి!" అనేది. మాట వినని అత్తగార్ల ఇళ్ళ ముందు నిలబడి మైకు విప్పేది. ఖుర్షిదమ్మ నవ్వుతూ, తను ఉద్యోగం మానేసినా పని ఆగదని అనేది.

దిష్టి తీయడం మానేసిందా అంటే, ఆ మాట మాత్రం అడక్కండి. ఇప్పటికీ తీస్తుంది. కానీ కడుపుతో ఉన్న పిల్లకి తలనొప్పి అని వస్తే ముందు బీపీ చూపించుకు రావాల్సిందే. "మిషను చూసినాకే మిరపకాయ," అంటుంది. ఏటా కోతలు అయ్యాక ఆ బీపీ మిషన్‌కి కూడా దిష్టి తీస్తుంది. ఇంతమంది కళ్ళు దాని మీద పడుతున్నాయి గదా అని ఆమె వాదన. తేజ కాయలే వాడుతుంది. ప్రతిసారీ బడి పిల్లలందరికీ ఆ పూట సెలవు.

అక్క కూతురు భవ్యకి ఇప్పుడు అయిదేళ్ళు. ఊళ్ళో ఎవరి కోడిపెట్ట ఎవరింట్లో గుడ్డు పెట్టిందో ఆ పిల్లే తీర్పు చెబుతుంది. అక్కకి ఆ తర్వాత ఇంకో కాన్పు కూడా అయింది. నెల నెలా బీపీ చూపించుకుంటూ, మందులు వాడుతూ, గుంటూరులోనే ఉండి కన్నది.

మా ఇంట్లో జరిగిందంతా ఒక చోట రాసి ఉంచితే బాగుంటుందని ఇదంతా రాశాను. మొన్న కల్లంలో నాయనమ్మకి చదివి వినిపించాను. యార్డులో తుమ్ముల దగ్గర పొంగిపోయింది. చెల్లెలి మాట దగ్గర అటు తిరిగింది. చివర్లో నేను, "ఆ విధంగా మా అక్క ప్రాణాన్ని మా నాయనమ్మ కాపాడింది," అని రాసుకున్నాను. ఆ వాక్యం చదవగానే చేతిలో ఉన్న కాయని పక్కన పెట్టి నా వైపు చూసింది.

"నేను కాపాడటం ఏందే? కాపాడింది డాక్టరమ్మ. నేను చేసింది పిల్లని ఇంట్లో కూర్చోబెట్టి చంపబోవటం. అది కొట్టేసి ఇది రాయి, లేకపోతే నీకు కూడు పెట్టను."